తలుపు లేని నాలుగో గది

నేను కట్టిన మొదటి పెద్ద లెక్క చాలా అందంగా వచ్చింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. అది అలాగే అమల్లో ఉండిపోయి ఉంటే పైడమ్మ అనే మనిషి చచ్చిపోయేది, ఆవిడతో పాటు ఇంకెంతమందో. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇంత మాత్రం చెబితే మీరు నమ్మరు గనక మిగతాది రాస్తున్నాను.

ఈమధ్య మీలో కొందరు మా ఇంటికి వచ్చి, కంప్యూటర్లు లేని రోజుల్లో రోగం ఎలా పాకుతుందో, మందు మింగడం మానేస్తే ఏమవుతుందో ఎలా లెక్క కట్టేవారని అడుగుతున్నారు. చేత్తోనే కట్టేవాళ్ళం. తప్పులు కూడా చేత్తోనే చేసేవాళ్ళం. మీరు మిషన్లతో చేస్తున్నారు, అంతే తేడా.

మేం ముగ్గురం

అరవైల చివర్లో విజయనగరంలోని క్షయ నివారణ కేంద్రంలో నేను స్టాటిస్టికల్ అసిస్టెంటుని. అప్పటికి విజయనగరం ఇంకా జిల్లా కాలేదు. బొబ్బిలి ఒక జిల్లాలో, గజపతినగరం ఇంకో జిల్లాలో ఉండేవి. రోగానికి జిల్లాల సంగతి తెలియదు కాబట్టి రెండు వైపుల వాళ్ళూ మా దగ్గరికే వచ్చేవారు.

మా నాన్నకి బొబ్బిలిలో బట్టల కొట్టు. లెక్కల్లో బి.ఎస్సీ. చదివిన ఆడపిల్ల క్షయ ఆఫీసులో చేరుతుందంటే బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. "రోగం అంటుకుంటే మందు అక్కడే ఉంటాది కదేటి" అని మా నాన్న ఒక్క ముక్కతో వాళ్ళ నోళ్ళు మూయించాడు. కొట్లో బేరాలు కూడా ఆయన అలాగే తేల్చేవాడు.

మా పై అధికారి డాక్టర్ విశ్వనాథం గారు గోదావరి వైపు మనిషి. ముక్కు మీద కోపం. ఎవరినీ కూర్చోమనేవారు కారు, తాను కూడా పెద్దగా కూర్చునేవారు కారు. కాగితం మడత పడినా చిరిగినా ఆ రోజంతా ఆఫీసుకి గ్రహణం పట్టినట్టే. కానీ ఆయనకు అబద్ధం గిట్టదు, తనదైనా సరే. ఈ సుగుణం ఉన్న పై అధికారులు నాకు సర్వీసు మొత్తంలో ఇద్దరే తగిలారు.

మూడో మనిషి అప్పలస్వామి. సైకిలు మీద ఊళ్ళు తిరిగి, రోగులు మందు వాడుతున్నారో లేదో చూసుకోవడం ఆయన పని. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. పైవాళ్ళు తప్పు చేస్తున్నారనిపిస్తే నోరెత్తేవాడు కాదు, ఎడమ చెవి గోక్కునేవాడు. ఆ ఆఫీసులో నేను మొదట నేర్చుకున్నది ఆ గోకుడికి అర్థం.

అప్పటి మందు ఇప్పటిలా సులువైనది కాదు. రోజుకు గుప్పెడు బిళ్ళలు, ఏడాదిన్నర పాటు. రెండు మూడు నెలలకే దగ్గు తగ్గిపోతుంది, ఒళ్ళు కాస్త చేస్తుంది. తిరకాసంతా అక్కడే. బాగైపోయిందని మానేస్తే రోగం తిరగబెడుతుంది, ఆ మనిషి దగ్గిన ప్రతిసారీ ఇంట్లో ఇంకొకరికి అంటుకునే ప్రమాదం మొదలవుతుంది. మందు మింగడమూ మానడమూ ఒక మనిషి సొంత విషయంలా కనబడుతుంది గాని, అది ఊరందరి విషయం. ఎంత వంతు మింగితే ఊళ్ళో ఎంత దగ్గు తగ్గుతుందో తేల్చడమే నా పని.

మూడు గదులు

పద్ధతి ఇది. ఊరి జనాన్నంతా మూడు గదుల్లో కూర్చోబెట్టినట్టు ఊహించుకోండి. మొదటి గదిలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, రెండో గదిలో దగ్గుతూ అంటించేవాళ్ళు, మూడో గదిలో నయమైనవాళ్ళు. నిజానికి మధ్యలో ఇంకో గది కూడా ఉంది, రోగం లోపల నిద్రపోతున్నవాళ్ళది. దాన్ని వదిలేద్దాం, మీకు తలనొప్పి ఎందుకు.

గదికీ గదికీ మధ్య తలుపులు ఉంటాయి. మొదటి గదిలోంచి రెండో గదిలోకి నెలకు ఎంతమంది వస్తారన్నది, రెండో గదిలో ఎంతమంది దగ్గుతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. రెండో గదిలోంచి మూడో గదిలోకి ఎంతమంది పోతారన్నది, ఇచ్చిన మందులో ఎంత వంతు కడుపులోకి వెళ్ళిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ నెల లెక్కలోంచి వచ్చే నెల లెక్క పుడుతుంది, దాంట్లోంచి ఆ పై నెల. చేత్తో తిప్పే లెక్కల మిషను ఒకటి ఉండేది. పెద్ద పెద్ద కాగితాలు జిగురుతో అతికించి, నెలకొక వరస చొప్పున నింపుతూ పోయేదాన్ని. గళ్ళ కాగితం మీద గీత గీస్తే రోగం పెరుగుతోందో తగ్గుతోందో చంటిపిల్లాడికి కూడా తెలిసేది.

మందు ఎవరు మింగారో ఎలా తెలుస్తుంది అంటారా? మూత్రంలో ఒక రసాయనం చుక్క వేస్తే, ఆ రోజు బిళ్ళలు మింగినవాళ్ళది ఎరుపు కలిసిన ఊదారంగుకి తిరుగుతుంది. మింగనివాళ్ళది తిరగదు. అప్పలస్వామి సీసాలు సంచిలో వేసుకుని చెప్పాపెట్టకుండా ఇళ్ళకు వెళ్ళి పరీక్ష చేసేవాడు. ఆ యేడు ఆషాఢంలో ఒకసారి, శ్రావణం మొదట్లో ఇంకొకసారి చేశాడు. ఈ నెలలు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

అందమైన గీత

శ్రావణంలో డాక్టరుగారు పిలిచారు.

"మందుల కొత్త సరుకు రావడానికి ఇంకా నెలలు పట్టేట్టుంది. ఉన్నది అందరికీ చాలదు. అందరికీ తలా కాస్త పంచితే రోగం ఎంత తగ్గుతుంది? సరిగ్గా మింగేవాళ్ళకు మాత్రమే ఇచ్చి, మిగతావాళ్ళ పేర్లు కొట్టేస్తే ఎంత తగ్గుతుంది? నా అభిప్రాయం నాకుంది. నీ లెక్క కావాలి" అన్నారు.

అభిప్రాయం ముందే ఉన్న పై అధికారికి లెక్క కట్టి ఇవ్వడం ఎంత ప్రమాదమో నాకప్పుడు తెలియదు. వచ్చిన జవాబు ఆయన అభిప్రాయంతో కలవకపోతే పదిసార్లు సరిచూసుకుంటాం. కలిస్తే ఒక్కసారి కూడా చూసుకోం.

రెండు పరీక్షల్లోనూ రంగు తిరగనివాళ్ళను 'తొలగించినవారు' అని నాలుగో గదిలో వేశాను. మందంతా మిగతావాళ్ళకు ఇచ్చాను. మిషను తిప్పాను. గీత చెరువు గట్టు దిగినట్టు జరజరా కిందికి దిగింది. అందరికీ పంచితే వచ్చే గీత దాని పైన ఎక్కడో ఉండిపోయింది. డాక్టరుగారు రెండు గీతలనూ అటూ ఇటూ తిప్పి చూసి, "శభాష్" అన్నారు. ఆయన నోట ఆ మాట అప్పటిదాకా ఎవరూ విని ఎరగరు. నాకు ఆ రోజు కాళ్ళు నేల మీద నిలవలేదు.

గీతను పై ఆఫీసుకి పంపారు. కొట్టేయవలసిన పేర్ల జాబితా తయారుచేసింది నేనే. రిజిస్టరులో ఎర్ర పెన్సిలుతో, స్కేలు పెట్టి మరీ తిన్నగా గీతలు గీసిందీ నేనే. అప్పలస్వామి పక్కన నిలబడి చెవి గోక్కుంటున్నాడు. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. పొగడ్త తలకెక్కినప్పుడు కళ్ళు అలాగే పనిచేస్తాయి.

"నా పేరు పిలవలేదేటమ్మా?"

మందులిచ్చే రోజు వరండా నిండా జనం. పేర్లు పిలవడం అయిపోయింది, అందరూ వెళ్ళిపోయారు. ఒక మనిషి మాత్రం స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయేమో. ఒళ్ళో రెండేళ్ళ పిల్ల నిద్రపోతోంది. నన్ను చూసి లేచి కిటికీ దగ్గరికి వచ్చింది.

"నా పేరు పిలవలేదేటమ్మా? పైడమ్మండి. గజపతినగరం కాడి నుంచి పొద్దుటి బండికొచ్చినాను."

రిజిస్టరు చూడనక్కరలేదు. ఆ పేరు మీద గీత గీసింది నేనే.

"నీ పేరు ఇప్పుడు లేదమ్మా. మందు సరిగ్గా మింగడం లేదని రాసి ఉంది."

"ఎవలు రాసినారు?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నేనే రాశాను" అన్నాను.

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా ముఖంలోకి చూస్తూ, "నాను పత్తెం తప్పనేదమ్మా. ఒక్క పూట తప్పనేదు. పెమానికంగా సెప్తన్నాను" అంది. ఇంకేదో అనబోయి దగ్గు తెర వచ్చి ఆగిపోయింది. పిల్లకు తగలకుండా ముఖం అటు తిప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గింది. ఎండాకాలంలో ఈ మనిషి కఫంలో రోగం లేదని మా కార్డు మీదే రాసి ఉంది. ఇప్పుడు మళ్ళీ మొదలైంది.

"ఈ పిల్ల ఎవరు?"

"మనవరాలమ్మా. దాని తల్లి వరి ఉడుపులకెళ్తాది. ఇది నా కాడే పడుకుంటాది."

పిల్లను భుజాన వేసుకుని స్టేషను వైపు నడిచి వెళ్ళిపోయింది. నేను లోపలికి వచ్చి నా పెద్ద కాగితం ముందు కూర్చున్నాను. పైడమ్మ రైలెక్కి గజపతినగరం వెళ్తుంది. ఇంటికి వెళ్ళి మనవరాలిని పక్కలో వేసుకుని పడుకుంటుంది. మరి నా కాగితం మీద ఎక్కడికి వెళ్ళింది? నాలుగో గదిలోకి వెళ్ళింది. అక్కడి నుంచి ఎక్కడికి? ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ గదికి నేను తలుపు పెట్టలేదు.

రిజిస్టరులో పేరు కొట్టేసిన మరుక్షణం నా లెక్కలో ఆ మనుషులు దగ్గడం మానేశారు. అందుకే గీత అంత అందంగా దిగింది. రోగం తగ్గి కాదు, రోగులను నేను దాచేసి. పేరు పోయినంత మాత్రాన మనిషి ఊళ్ళోంచి పోతుందా? డిగ్రీ చదువుకున్న నాకు తట్టని ఈ సంగతి అప్పలస్వామి చెవికి ఎప్పుడో తెలుసు.

"ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాను ఆయనతో, ఉక్రోషం ఆపుకోలేక.

"మీరడగలేదు కదా అమ్మాయిగారూ. కాయితం మీద తగ్గినంత మాత్రాన దగ్గు తగ్గిపోతాదేటి?" అన్నాడు.

"ఏ మేరకు తప్పు?"

నాలుగో గది నుంచి మొదటి గది వైపు ఎర్ర పెన్సిలుతో ఒక బాణం గీశాను. కొట్టేసినవాళ్ళు కూడా అంటిస్తారు అని దాని అర్థం. లెక్క మొదటి నుంచి మళ్ళీ కట్టాను. నేను అంకెలు చెబుతుంటే అప్పలస్వామి మిషను తిప్పాడు. అయిదు రోజులు పట్టింది. ఈసారి గీత కొద్దిగా దిగి, మలుపు తిరిగి పైకి లేచింది. అందరికీ తలా కాస్త పంచిన గీతను దాటిపోయి ఇంకా పైకి పోయింది. అంటే పేర్లు కొట్టేయడం కన్నా అందరికీ తలా కాస్త పంచడమే మేలు.

కాగితం చుట్ట చుట్టుకుని డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను.

"సార్, నా లెక్క తప్పు."

"ఏ మేరకు తప్పు?"

"మొత్తం తప్పు."

ఆయన ముఖం ఎర్రబడింది. "పైకి పంపేశానమ్మా అది! సంతకం పెట్టి పంపాను!" అని అరిచారు. వరండాలో ఎవరో గ్లాసు జారవిడిచారు. కాగితం బల్ల మీద పరిచి ఆ బాణం మీద వేలు పెట్టి నిలబడ్డాను. ఆయన చాలాసేపు చూశారు. అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా కోపం వచ్చింది.

"సరే, ఒప్పుకున్నాను. కొట్టేస్తే ప్రమాదం. మరి పేరు ఉంచి ఏం లాభం? తీసుకెళ్ళిన బిళ్ళలు పారబోస్తున్నారు కదా! ఎందుకు మింగడం లేదో కనుక్కుని రా. వచ్చే మందుల రోజు లోపల కారణం చెప్పగలిగితే పేర్లన్నీ మళ్ళీ ఎక్కిస్తాను. చెప్పలేకపోతే ఈ జాబితా ఇలాగే ఉంటుంది."

నాకు తొమ్మిది రోజులున్నాయి. చేతిలో ఉన్న ఆధారమల్లా పైడమ్మ అన్న ఒక్క మాట. మందు మింగని మనిషి పథ్యం తప్పలేదని ప్రమాణం చేయడమేమిటి?

రేకు డబ్బా

మర్నాడు పొద్దుటి బండికి నేనూ అప్పలస్వామీ బయల్దేరాం. గజపతినగరంలో దిగి రెండు మైళ్ళు నడిచాం. ఉడుపులు జోరుగా సాగుతున్నాయి. ఆడవాళ్ళంతా వరసగా మళ్ళలో వంగి ఉన్నారు. పైడమ్మ మట్టుకు గట్టు మీద కూర్చుని, నారు కట్టలు విడదీసి అందిస్తోంది. పక్కన మూత పెట్టిన కుండ.

మమ్మల్ని చూసి కంగారుపడింది. ఇంటికి తీసుకెళ్ళింది. అప్పలస్వామి నెమ్మదిగా అడిగాడు. "పైడమ్మా, దాపరికం వద్దు. తెచ్చిన బిళ్ళలు ఏటి సేస్తన్నావు?"

ఆవిడ లోపలికి వెళ్ళి, దేవుడి పటాల కింద నుంచి ఒక రేకు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. మూత తీశాను. లోపల గుడ్డ పరిచి, బిళ్ళలు ఒక్కటి కూడా చెదరకుండా, చెమ్మ తగలకుండా నిండుగా దాచి ఉన్నాయి.

"పారీసినాననుకున్నారేటి? ఒక్కటి పారీనేదు. మార్గశిరం రానీండి, అప్పుడు పత్తెంతో అన్నీ మింగుతాను."

"ఇప్పుడెందుకు మింగవు?"

తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది. "అంబలి కాలం కదమ్మా! ఉడుపుల్లో సోడంబలి తాగకపోతే గట్టు మీద కూకోడానికి కూడా సత్తువుండదు. అంబలి పులుసుద్ది. పులుపు తింటే ఈ మందుకి పత్తెం సెడిపోద్ది. పత్తెం సెడ్డాక మందు మింగితే ఇసమైపోదేటి?"

"పులుపు తినకూడదని ఎవరు చెప్పారు?"

"మీ డాట్టరు బాబే కదమ్మా! కడుపులో మంటగా ఉన్నాది బాబూ అంటే, పులుపు తగ్గించమ్మా అన్నాడు. నానొక్కదాన్నే కాదు, ఈ సుట్టుపక్కల మందు తినీవోలందరికీ అదే సెప్పినాడు. బాబు మాట దాటితే బాగుంటాదేటి?"

నేను అప్పలస్వామి ముఖం చూశాను. ఆయన చెవి గోక్కోవడం లేదు, నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

మీకు తెలియదేమో, సోడంబలి అంటే పులియబెట్టిన రాగి అంబలి. ఇక మా వైపు పథ్యం అంటే సగం సగం ఉండదు. ఉంటే పూర్తిగా ఉండాలి, లేదా మందే ముట్టకూడదు. ఆయుర్వేదం మందు తిన్నన్నాళ్ళూ మా అమ్మమ్మ వంకాయ వైపు చూసేది కూడా కాదు. డాక్టరుగారు మంట తగ్గడానికి ఇచ్చిన చిన్న సలహాను ఈ ఊళ్ళు పథ్యంగా పట్టుకున్నాయి. అంబలి వదలడానికి లేదు గనక అంబలి కాలమంతా మందు వదిలేశారు. డాక్టరు మాట చెవిన పెట్టనివాళ్ళు హాయిగా అంబలీ తాగారు, మందూ మింగారు. వాళ్ళ సీసాల్లో రంగు తిరిగింది. ఆయన మాట తు.చ. తప్పకుండా పాటించినవాళ్ళను ఏరి ఏరి నేను జాబితాలో కొట్టేశాను.

మేం రెండు పరీక్షలూ ఉడుపుల కాలంలోనే చేశాం. ఒక్కటి మార్గశిరంలో చేసి ఉంటే పైడమ్మ సీసా అందరికన్నా ముందు రంగు తిరిగేది. ఎంత కొలిచామన్నదే కాదు, ఎప్పుడు కొలిచామన్నది కూడా రాసుకోండి పిల్లలూ. ఒక మనిషి ఏడాదిలో సగానికి పైగా మందు మింగిందంటే, రోజూ కాస్త మానేసిందా, వరసగా అయిదు నెలలు మానేసిందా అన్నది సగటు చెప్పదు. రోగం తిరగబెట్టేది ఆ వరస నెలల్లోనే.

ఆ రోజూ మర్నాడూ ఇంకో నాలుగు ఊళ్ళు తిరిగాం. ప్రతి ఊళ్ళోనూ డబ్బాలు బయటికి వచ్చాయి. ఒకచోట ముంత, ఒకచోట పెళ్ళినాటి పెట్టె అడుగున మూట.

అంబలి

డాక్టరుగారికి అంతా చెప్పాను. ఎవరు పులుపు తగ్గించమన్నారో చెప్పే దగ్గర కాస్త నీళ్ళు నమిలాను.

"నేనే" అన్నారాయన. ఉద్యోగంలో చేరాక మొదటిసారి నాకు కుర్చీ చూపించి, "కూర్చోమ్మా" అన్నారు. తర్వాత ఆయన కూడా కూర్చున్నారు. "రోజుకు అరవైమందికి ఆ మాట చెబుతాను. ఒక్కరికీ మిగతా సగం చెప్పలేదు."

కాగితం తీసుకుని పై ఆఫీసుకి తన చేత్తోనే ఉత్తరం రాశారు. ముందు పంపిన గీత తప్పని, ఆ తప్పుకి బాధ్యత కేంద్రం అధికారిగా తనదేనని రాశారు. నా పేరు ఎక్కడా లేదు. ఆ ఉత్తరం పోస్టు చేయడానికి తీసుకెళ్తూ దారిలో ఏడ్చాను. అది సంతోషమో సిగ్గో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మూడో రోజున పైడమ్మ ఊరి గట్టు మీద డాక్టరుగారు నిలబడ్డారు. ఉడుపులు ఆపి అందరూ చుట్టూ చేరారు.

"పులుపు తగ్గించమన్నది నేనే. కడుపులో మంట తగ్గుతుందని చెప్పాను గాని, అది పథ్యం కాదు. అంబలికీ ఈ మందుకీ విరోధం లేదు. పరగడుపున మింగకుండా, అంబలి తాగిన వెంటనే మింగితే మంట కూడా తగ్గుతుంది. సరిగ్గా చెప్పకపోవడం నా తప్పు" అన్నారు.

డాక్టరు తన తప్పు అనడం వాళ్ళెప్పుడూ వినలేదు. చివరికి ఒక ముసలాయన కర్ర మీద గెడ్డం ఆనించి, "నోటిమాటకేటి బాబూ, ఆ మందులో ఒక బిళ్ళ నోట్లో ఏసుకుని, మా అంబలి తాగీసి సూపించు" అన్నాడు.

పైడమ్మ చిప్పలో అంబలి పోసి ఇచ్చింది. ఆయన జేబులోంచి బిళ్ళ తీసి నోట్లో వేసుకుని, అంబలి గటగటా తాగేశారు. జన్మలో ఎప్పుడూ తాగని మనిషి. ముఖం వంకరలు పోయింది. మడిలో ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. "ఉల్లిపాయ కొరుక్కో బాబూ, బాగుంటాది" అని పైడమ్మ ఉల్లిపాయ అందించింది. అది కూడా కొరికారు.

అప్పుడు పైడమ్మ డబ్బా తెచ్చింది. ఒక చిప్ప అంబలి తాగి, బిళ్ళలు ఒక గుప్పెడు తీసి, మనవరాలి ముఖం ఒకసారి చూసి, మింగింది. గంటసేపు అక్కడే కూర్చున్నాం.

"మంట ఉందా?" అని అడిగారు డాక్టరుగారు.

"నేదు బాబూ!" అంది, తనకే నమ్మకం లేనట్టు.

మందు చాలదన్న బెంగ కూడా ఆ డబ్బాలతోనే తీరింది. ఆ వారంలో ఊరూరా డబ్బాలు, ముంతలు తెప్పించి చూశాం. రంగు మారినవి పారబోయించి, బాగున్నవి వాళ్ళనే మింగమన్నాం. మందులిచ్చే రోజుకి కొట్టేసిన పేర్లన్నీ మళ్ళీ రిజిస్టరులో ఎక్కాయి. కొత్త సరుకు వచ్చేదాకా ఎవరూ వట్టి చేతులతో వెనక్కి వెళ్ళలేదు. మాకు కొరతగా కనబడిన మందు ఇన్నాళ్ళూ దేవుడి పటాల కింద భద్రంగా కూర్చుని ఉంది.

భాద్రపదంలో అప్పలస్వామి మళ్ళీ చెప్పాపెట్టకుండా సీసాలతో వెళ్ళాడు. తిరిగి వచ్చి సైకిలు స్టాండు కూడా వేయకుండా గోడకు చేరేసి, "అమ్మాయిగారూ, అన్నీ ఊదారంగే! ఏ సీసా సూసినా ఊదారంగే!" అని వరండాలోంచే కేక పెట్టాడు. మేం ముగ్గురం ఆ సీసాలను బల్ల మీద వరసగా పెట్టుకుని చూశాం. మూత్రం సీసాలను చూసి అంత మురిసిపోయినవాళ్ళు ఇంకెక్కడైనా ఉంటారనుకోను.

గీత కింద ఒక గడి

ఆ వారంలోనే ఇంకో గీత గీశాను. ఎవరినీ కొట్టేయకుండా, అంబలి కాలంలో కూడా అందరూ మింగితే మరుసటి ఏడాది కోతల నాటికి ఆ ఊళ్ళలో ఎంతమంది రోగంతో దగ్గుతుంటారో ముందే లెక్క కట్టాను. ఈసారి ప్రతి గదికీ వెళ్ళి తలుపు ఉందో లేదో తట్టి చూసుకున్నాను. గీత పై కొసన సంతకం పెట్టి డాక్టరుగారి బల్ల మీద అద్దం కింద పెట్టించాను. తప్పైతే రోజూ నా ముఖాన కొడుతుందని ఆయన అన్నారు. అందుకే పెట్టమన్నాను.

మరుసటి ఏడాది కోతలయ్యాక ఊరూరా కఫం పరీక్షలు చేయించాం. వచ్చిన సంఖ్యను గళ్ళ కాగితం మీద నేనే చుక్క పెట్టాను. నా గీత కన్నా ఒక గడి కిందే పడింది ఆ చుక్క. నా లెక్క కన్నా జనమే ఇంకొంచెం బాగా మింగారన్న మాట. అంబలితో మింగమన్న మాటను కూడా వాళ్ళు పథ్యంలాగే పట్టుకున్నారు.

మీకు నా సలహా ఒక్కటే. లెక్క చాలా బాగా వచ్చిన రోజున, దాంట్లోంచి ఎవరు మాయమైపోయారో వెతకండి. వాళ్ళ ఊరికి టికెట్టు కొనుక్కోండి.

ఇక పైడమ్మ సంగతి. చివరి పరీక్షలు రెండింట్లోనూ రోగం లేదని వచ్చిన రోజున మనవరాలిని నడిపించుకుంటూ వచ్చింది. పిల్ల ఒంటి మీద ఈగ కూడా వాలలేదు, నిక్షేపంగా ఉంది. డాక్టరుగారు కార్డు చూసి, "పైడమ్మా, ఇంక నువ్వు రానక్కరలేదు. నీ పేరు కొట్టేస్తున్నాం" అన్నారు.

ఆవిడ ముఖం పాలిపోయింది. "మళ్ళీ ఏటి తప్పు సేసినాను బాబూ? అంబలితోనే మింగినాను కదా! లెక్కలమ్మా, నువ్వైనా సెప్పు!"

లోపలికి పిలిచి పెద్ద కాగితం పరిచి చూపించాను. "నువ్వు ఇన్నాళ్ళూ ఈ రెండో గదిలో, దగ్గేవాళ్ళ గదిలో ఉన్నావు. అప్పుడు నీ పేరు కొట్టేసి నిన్ను ఇదిగో, ఈ నాలుగో గదిలోకి తోసేసింది నేనే. ఇవాళ మూడో గదిలోకి వచ్చావు. ఇది నయమైపోయినవాళ్ళది. అందుకే కొట్టేస్తున్నాం."

ఆవిడ వంగి ఆ గదిని చాలాసేపు చూసింది. మనవరాలిని ఎత్తి దానికి కూడా చూపించింది. తర్వాత కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"అలగైతే కొట్టీయమ్మా. గట్టిగా కొట్టీయి."

నేను ఎర్ర పెన్సిలు ఆవిడ చేతికే ఇచ్చి, పేరు ఎక్కడుందో చూపించాను. ఎన్నడూ పెన్సిలు పట్టని చెయ్యి. నారు పట్టినట్టు పిడికిట పట్టుకుని, బలమంతా పెట్టి ఒక్క గీత గీసింది. కాగితం ఆ చివర నుంచి ఈ చివరికి చిరిగింది. డాక్టరుగారు ఏమీ అనలేదు.